మా బామ్మర్ది పాత లాప్‌టాప్, మా ఇద్దరి పందెం

నిన్న పొద్దున్నే మా మామ ఫోన్ చేశాడు.

"సంపత్ పోయిండు అల్లుడూ" అన్నాడు. ఫోన్ కట్ చేయడం మర్చిపోయినట్టున్నాడు, అటువైపు ఏడుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రమే దవాఖాన బెడ్ మీద నుంచి ఫోన్ చేసి, మా ఇంట్లో మర్చిపోయిన లాప్‌టాప్ చార్జర్ ఇంకా పంపలేదని నన్ను తిట్టాడు.

జ్వరమే కదా, తగ్గుతుందిలే అనుకున్నాం.

ఇది చదివే కొందరికి తెలియదు, అందుకే చెప్తున్నా. సంపత్ నా భార్య రజితకు తమ్ముడు. జనగామలో వాళ్ల కిరాణా షాపులో గల్లా మీద కూర్చునేది వాడే. ముప్పై ఏళ్లు నిండకముందే కిడ్నీలు పాడయ్యాయి. వారంలో సగం వరంగల్‌లో డయాలసిస్‌కే పోయేది.

రజిత కిడ్నీ మ్యాచ్ అయింది. ఇస్తానంది. వాడే ఒప్పుకోలేదు.

"అక్కకు పిల్లలున్నరు బావా. గీ పాత బాడీల కొత్త పార్టు ఏసి ఏం ఫాయిదా?" అనేవాడు.

ఇంత జ్ఞానం చెప్పే మనిషి, ఇంజినీరింగ్‌లో కొన్న గేమింగ్ లాప్‌టాప్‌ను మాత్రం పారేయడు. ఆన్ చేస్తే పిండి గిర్నీలా చప్పుడు. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి. కొత్తది కొనుక్కోరా అంటే వినడు. ర్యామ్ పెంచుతా, హార్డ్ డిస్క్ తీసి వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేస్తా, ఫ్యాన్, బ్యాటరీ మారుస్తా అంటాడు. గేముల బొమ్మ నడిపే గ్రాఫిక్స్ చిప్ మాత్రం బోర్డుకే అతికి ఉంటుందట, దాన్ని మార్చలేరట. అది మారనప్పుడు మిగతావి మార్చి ఏం లాభం అని నేను. ఫోన్ చేసుకుంటే మాకు ఇదే గొడవ. రజితకు విసుగొచ్చేది.

ఒకరోజు నాకు చిర్రెత్తింది.

"లాప్‌టాప్‌కైతే కొత్త పార్టులు పనికొస్తయి, నీకైతే పనికిరావా?" అన్నా.

"సరే బావా, పందెం" అన్నాడు.

బాగుచేశాక గేమ్ హ్యాంగ్ కాకుండా నడిస్తే ఆపరేషన్‌కు ఒప్పుకుంటాడు. నడవకపోతే నేను మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

పిచ్చి పందెం. కానీ వాణ్ణి ఒప్పించడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఆ డొక్కు లాప్‌టాప్‌ను పారేయమన్న నేనే, అది బతకాలని దేవుడికి మొక్కుకున్నా.

వాడి క్లాస్‌మేట్‌కు మహబూబాబాద్‌లో కంప్యూటర్ షాపు ఉంది. పార్టులు అక్కడికే తెప్పించాడు. డయాలసిస్ లేని రోజు చూసుకుని ఇద్దరం రైలెక్కాం.

తెలంగాణ కోసం రోజూ ఎక్కడో ఒకచోట రైల్‌రోకో. మా బండీ మధ్యలో ఆగింది. పట్టాల పక్కనే వంటావార్పు. అందరినీ దిగి తినమన్నారు. ఎండ మండిపోతోంది. వాడేమో కిడ్నీల వల్ల నీళ్లు కూడా కొలుచుకుని తాగాల్సిన మనిషి.

ఒక పెద్దాయన గ్లాసు తెచ్చి, "జర తాగు బిడ్డా, గొంతు ఎండుతది" అన్నాడు.

జబ్బని చెప్పలేదు వాడు. పెదాలు తడుపుకుని, ఆయన అటు తిరగగానే గ్లాసు నా చేతిలో పెట్టాడు. నేను తాగాను. వాడు నన్నే చూస్తూ కూర్చున్నాడు.

బ్యాగులో ఏముందని అడిగాడు ఆ పెద్దాయన. సంపత్ అంతా చెప్పాడు.

"గంత పరేషాన్ ఎందుకు, కొత్తదే కొనరాదు?" అన్నాడాయన.

"రాష్ట్రమైతే కొత్తదే గావాలె పెద్దయ్యా. లాప్‌టాప్ నాకు పాతదే చాలు."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

షాపులో పార్టులన్నీ బిగించాక స్విచ్ నొక్కాడు. ఇదివరకు టీ తాగి వచ్చినా తెరుచుకోనిది, గబుక్కున తెరుచుకుంది. గేమ్ పెట్టాడు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత బొమ్మ ఆగిపోయింది.

"హ్యాంగ్ అయింది బావా. నేను గెల్సిన" అన్నాడు.

గెలిచిన మొహం కాదది.

నాకు గేముల గురించి ఏం తెలుసు? వాడి నోట ఎప్పుడూ వినే మాటే వాడికి అప్పజెప్పాను. "సెట్టింగ్స్ తగ్గించి చూడరాదు."

తగ్గించాడు. బొమ్మ కొంచెం మసకగా వచ్చింది, కానీ ఆగలేదు. కరెంటు పోయింది. బ్యాటరీ మీద ఆడాడు. అయినా ఆగలేదు.

చివరికి మూత వేసి, "సరే తియ్యి. సెట్టింగ్స్ తగ్గించుకొనే బతుకుదాం. అక్కకు చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. నంబర్ కలిపి ఫోన్ వాడికే ఇచ్చాను.

ఆపరేషన్ వచ్చే వారం ఉండె. రజిత బ్యాగు కూడా సర్దిపెట్టుకుంది. అంతలో ఈ జ్వరం. ఇన్‌ఫెక్షన్ అన్నారు. అంతే.

నిన్న మా భూపాలపల్లి నుంచి జనగామకు బస్సులో వస్తుంటే ఘనపూర్ దాటాక రజిత ఒక్కటే అంది.

"వానికి ఇస్తనన్నది నా దగ్గర్నే ఉండిపాయె."

మాకెవరికీ ఇక ఓపిక లేదు. దవాఖానలు, బంద్‌లు, బస్సులు, రిపోర్టుల కోసం ఎదురుచూపులు. ఇంటిల్లిపాదీ అలిసిపోయాం.

అన్నీ అయ్యాక, దవాఖాన నుంచి తెచ్చిన వాడి సామానులో లాప్‌టాప్ కనిపించింది. చార్జర్ నా సంచిలోనే ఉంది. పెట్టి ఆన్ చేశాను. వెంటనే తెరుచుకుంది. సెట్టింగ్స్ వాడు తగ్గించినవే ఉన్నాయి. ముట్టుకోలేదు, అలాగే మూసేశాను.

పాత లాప్‌టాప్‌కు కొత్త పార్టులు వేయడం వర్త్ అంటావా అని ఇకమీద ఎవరైనా అడిగితే, వర్తే అంటాను. వాడు "సరే" అన్నాడు. ఆ మాట వినడానికి మేం ఎన్ని దండాలు పెట్టామో మాకే తెలుసు.

పోయిరా బామ్మర్దీ.

ఇప్పుడు నీకు నీళ్లు కొలిచి పోసేవాళ్లెవరూ లేరు. కడుపునిండా చల్లటి నీళ్లు తాగి, హాయిగా పడుకో.