జవాబుకు ముందే ఆపేసే వసుంధర మేడమ్

నిన్న పొద్దున హాస్పిటల్ లిఫ్టులో నా పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. మెడికల్ పాడ్‌కాస్టే, సందేహం లేదు. ఎవరో తరుముతున్నట్టు రోగి కథంతా రెట్టింపు వేగంతో సాగిపోతోంది. ఇక్కడ అమెరికాలో శిక్షణలో ఉన్న డాక్టర్లకు కూర్చుని పుస్తకం తిరగేసే తీరిక ఎక్కడిది? కారు నడుపుతూనో, గిన్నెలు కడుగుతూనో వినాల్సిందే. ఆ గొంతు చెవిన పడగానే వసుంధర మేడమ్ కారులో, ఆవిడ పక్క సీట్లో కూర్చున్నట్టయింది నాకు.

గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, టెక్సాస్‌లో ఇర్వింగ్ దగ్గర ఒక హాస్పిటల్లో రెసిడెంటుగా, అంటే శిక్షణ డాక్టరుగా, చేరిన కొత్తలో నాకు డ్రైవింగ్ లైసెన్సు లేదు. మా వార్డు పెద్ద డాక్టరు వసుంధర మేడమ్ మా అపార్ట్‌మెంట్ల మీదుగానే వెళ్తూ నన్నూ ఎక్కించుకునేవారు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు నిండా అమెరికా యాసే, అయినా నాతో తెలుగులోనే మాట్లాడేవారు. హైవే ఎక్కగానే పాడ్‌కాస్ట్ పెట్టేవారు. రోగి బాధలు, పరీక్షలు అన్నీ అయి, ఇక జబ్బు పేరు చెప్పబోతున్నారనగా టక్కున ఆపేసేవారు.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

"పూర్తిగా విందాం మేడమ్. వాళ్ళే చెప్తారుగా."

"వాళ్ళు చెప్పాక ఎవ్రీబడీకి తెలుసు. రాంగ్ అయినా ఓకే, నువ్వు ఫస్ట్ చెప్పాలి."

నేను నోరు విప్పేదాకా పాడ్‌కాస్ట్ మళ్ళీ మొదలయ్యేది కాదు. నాకు చిర్రెత్తుకొచ్చేది. మా కాలేజీలో ప్రొఫెసరు ఎదుట తెలిసినా తెలియనట్టు నిలబడటమే మర్యాద, ఎదురు చెబితే పొగరు. అలా పెరిగిన గొంతు అంత తేలిగ్గా పెగులుతుందా? మొదట గొణిగాను. తర్వాత బోలెడు తప్పులు చెప్పాను. "గుడ్. ఎందుకు అలా అనుకున్నావ్?" అని నవ్వేవారు తప్ప వెక్కిరించేవారు కాదు. మెల్లగా భయం పోయింది, కారులో మాత్రం.

వార్డులో నేను ఇంకా మూగదాన్నే. చలికాలం వచ్చేసరికి శిక్షణ కమిటీ వాళ్ళు పిలిచి, నోరు విప్పని డాక్టరుతో రోగులకు ప్రమాదమని, ఇలాగే ఉంటే రెండో ఏడాదికి కాంట్రాక్ట్ ఇవ్వలేమని చెప్పారు. కాంట్రాక్ట్ లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే ఇక్కడ నా డాక్టరీ అక్కడితో సరి. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ వారమే షుగర్ ఉన్న ఒక పెద్దాయన నడుంనొప్పితో చేరాడు. కాస్త జ్వరం కూడా ఉంది. తోటపనిలో కండరం పట్టేసిందని, జ్వరం జలుబుదని, మాత్రలిచ్చి ఇంటికి పంపేద్దామన్నారు మేడమ్. మిగతా డాక్టర్లు తలలూపారు. కానీ పొద్దున నేను చూసినప్పుడు ఆయన కుడికాలి చెప్పు ఊడిపోతోంది, ఆ సంగతి ఆయనకే తెలియడం లేదు. అందరూ గది బయటికి నడుస్తున్నారు.

"మేడమ్, ఒక్క నిమిషం. ఇంటికి పంపొద్దు. కుడి పాదంలో బలం తగ్గింది. వెన్నులో చీము పట్టిందేమో, స్కాన్ చేయిద్దాం."

ఆవిడ ఆగారు. కారులో అడిగినట్టే అడిగారు. "ఎందుకు అలా అనుకున్నావ్?"

చెప్పాను. ఆవిడ వెనక్కి వెళ్ళి పాదాన్ని స్వయంగా పరీక్షించి, వెంటనే స్కాన్ రాశారు. చీమే. ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళకు ఆయన తన కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్ళాడు.

మర్నాడు మీటింగులో, డాక్టర్లందరి ముందూ మేడమ్ లేచి, "నేను పొరబడ్డాను. ఈమె నన్ను ఆపింది" అన్నారు. పెద్ద డాక్టరు నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు. కమిటీకీ అదే చెప్పారట. కాంట్రాక్ట్ చేతికొచ్చింది. ఆ సంతోషం ఎంత ఉన్నా, అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానన్న గర్వం దాన్ని మించిపోయింది.

ఇప్పుడు నా వెనకా కుర్ర డాక్టర్లు నడుస్తున్నారు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి, నేను రాసిన మందు రోగి కిడ్నీలకు పడదేమోనని వణుకుతూనే అంది. చూస్తే ఆమె చెప్పిందే నిజం. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. అయినా అందరికీ వినబడేలా, నేను పొరబడ్డానని, తను నన్ను ఆపిందని చెప్పాను. నేను నోరు విప్పిన రోజున నాదే ధైర్యమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మీటింగులో లేచి నిలబడటానికి వసుంధర మేడమ్‌కి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో మొన్ననే తెలిసింది.