వంటత్త ఊళ్లో మనకోసం మూడు గదులు

ఇది ఇప్పుడే రాయాలి. వారం ఆగితే రాసినా ప్రయోజనం ఉండదు. మణికొండలో మన ఆడపిల్లల హాస్టల్లో పదకొండేళ్లు వంట చేసిన వంటత్త గురువారం మధ్యాహ్నం చనిపోయింది. చీరాల దగ్గర సముద్రపొడ్డున, తన తమ్ముడి ఇంట్లో. ఆయన ఫోన్ చేసినప్పుడు నేను హైటెక్ సిటీలో ఆఫీసులో ఉన్నాను. "అక్క పోయిందమ్మా" అన్నారు. తర్వాత, "ఈ ఆదివారం కాదు, పై ఆదివారం పెద్దకర్మ. హాస్టల్ పిల్లలకి చెప్తావా?" అని అడిగారు. చెప్తానన్నాను. ఆయన అలా అడగడం వెనక ఒక సంగతి ఉంది. మీలో చాలామందికి అది తెలియదు.

మాది జహీరాబాద్ అవతల చిన్న ఊరు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగంలో చేరిన మొదటి నెలంతా పొద్దుటి మీటింగులో నోరు విప్పేదాన్ని కాదు. అర్థం కాకపోయినా తల ఊపి వచ్చి, పని తప్పు చేసి, మళ్లీ మొదటి నుంచి చేసేదాన్ని. ఒక సాయంత్రం వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుంటే ఏడుపు ఆగలేదు. వంటత్త ఉల్లిపాయలు తరుగుతోంది.

"కోస్తున్నది నేను కదమ్మాయ్, ఏడుపు నీకొచ్చిందేంటి?"

"ఆఫీసుల చెప్పింది సమజ్ అయితలేదత్తా. అడుగుదామంటే నవ్వుతరని భయం."

"నవ్వితే నవ్వనీ. గ్యాస్ వాళ్ల మెసేజ్ నీ చేత చదివించుకోట్లా నేను? నాకేమన్నా అరిగిపోయిందా? తెలియంది అడుగు."

మర్నాడు రెండు ప్రశ్నలు అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి అడగడం నేర్చుకున్నాను. నా ఉద్యోగం నిలబడింది దానివల్లే.

ఆమెకు అక్షరాలు రావు. అందుకని మన టిఫిన్ డబ్బాల మీద పేర్లు ఉండేవి కావు. ప్రతి డబ్బా పిడికి వల దారం ముక్క కట్టి ఉండేది. ఎవరి ముడి వాళ్లది. నాది రెండు ముడులు, పక్కన చిన్న ఉచ్చు. నలభై మందిలో ఏ ముడి ఎవరిదో, ఎవరికి కారం తక్కువ వేయాలో, ఎవరు చేప ముట్టరో ఆమె ఎప్పుడూ తడుముకోలేదు. పని అయిపోయాక పోపు డబ్బా వెనక నుంచి వల అల్లే చెక్క సూది తీసి, నీలం నైలాన్ దారంతో సంచులు అల్లేది. ఆ సంచి లేకుండా మన హాస్టల్ ఖాళీ చేసిన పిల్ల లేదు. ఇప్పుడు తెల్లాపూర్‌లో ఉన్న వాళ్ల దగ్గర, ప్రగతి నగర్‌లో ఉన్న వాళ్ల దగ్గర కూడా అవి ఉండి ఉంటాయి.

మూడేళ్ల కింద ఆమె ఊళ్లో పెళ్లికి వెళ్లి వచ్చింది. వచ్చిన రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎన్నడూ జరగని పని. ఏమైందని అడిగితే నవ్వుతూనే చెప్పింది. "పిల్లాజెల్లా లేనిదానివి, ఎవరికో వండిపెట్టడానికి పట్నం పోయావు, రేపు నీకెవరొస్తారే అన్నారమ్మా. నాకక్కడ నలభై మంది ఆడపిల్లలున్నారన్నాను. ఒక్కదాన్ని తీసుకురా చూద్దాం అన్నారు."

ఆ డిసెంబరు సెలవుల్లో నలుగురం ఆమెతో వెళ్లాం. నేను సముద్రం చూడటం అదే మొదలు. ఆ ఊరు ఇప్పుడు హైదరాబాద్ కుటుంబాలు శని, ఆదివారాలు గడిపే చోటు. ఒడ్డు పొడవునా రంగురంగుల కాటేజీలు, గుర్రాల మీద పిల్లలు, మొక్కజొన్న కంకుల పొగ. వాటి మధ్యనే ఇసుకలో ఎండుతున్న చేపలు, లాగిపెట్టిన పడవలు. ఆ పడవలెక్కి జనం ఫొటోలు దిగుతుంటే పడవలవాళ్లు పక్కన నిలబడి ఓపిగ్గా చూస్తున్నారు. వంటత్త తమ్ముడు కూడా ఇంటి పక్కన మూడు గదులు కట్టి 'ఫ్యామిలీ రూములు' అని బోర్డు పెట్టారు. చేపల వేట మాత్రం మానలేదు.

చేపలు ఏరుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి చేతులాపారు.

"ఏంటొదినా, నలభై అన్నావు, నాలుగే దిగినయ్యి?"

"అందర్నీ ఒక్కసారే దింపితే మీ చేపలు చాలొద్దూ?" అంది వంటత్త. ఆ పూట ఆమె నడకే మారిపోయింది. ఇంటింటికీ తిప్పి మమ్మల్ని చూపించింది. ఎవరిది ఏ ఆఫీసో ఆమెకు తెలియదు. "ఇది పెద్ద చదువు చదివింది, దాని ఇంట్లో ఇదే మొదలు" అని నా గురించి ప్రతి ఇంట్లో చెప్పింది.

మర్నాడు తెల్లవారుతుండగా తమ్ముడుగారు, ఇంకో ఇద్దరు పడవను నీళ్లలోకి తోస్తున్నారు. వాళ్లకు మర్యాదగా ఏదో ఒక మాట చెప్పాలనిపించింది. "మళ్ల ఎప్పుడొస్తరు బాబాయ్?" అని అడిగాను.

ముగ్గురూ ఆగిపోయారు. తమ్ముడుగారు పడవ ముక్కు వెనక్కి తిప్పారు. ముగ్గురూ కలిసి దాన్ని ఇసుక మీదకు లాగేశారు. వెనక నుంచి ఒక ముసలమ్మ అంది, "వేటకెళ్లే వాణ్ని ఎప్పుడొస్తావని అడుగుతారటే? ఇంత చదివారు, అది చెప్పలేదా మీ బళ్లో?"

ముగ్గురి వేట ఆ రోజు నా వల్ల పోయింది. నాకు ఏడుపొచ్చింది. "నువ్వే కదత్తా తెలియంది అడుగుమన్నవ్" అన్నాను. వంటత్త నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడింది. "ఆఫీసులో అడగమన్నానమ్మా, సముద్రం దగ్గర కాదు."

తమ్ముడుగారు ఆ పగలంతా ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకున్నారు. అవతలి కొస పట్టుకుని వంటత్త కూర్చుంది. మధ్యలో ఒకసారి నన్ను పిలిచి, "మా తమ్ముడు పగటిపూట నా పక్కన కూర్చుని ఎన్నేళ్లయ్యిందో. నువ్వడగబట్టే కదా" అంది. నన్ను ఓదార్చడానికే అందనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఈ ఆగస్టులో ఊపిరి అందక దవాఖానలో పది రోజులు ఉంది. డాక్టర్లు పొయ్యి దగ్గర నిలబడొద్దన్నారు. ఊరికి వెళ్లిపోతానంది. లింగంపల్లి స్టేషన్లో నేనే రైలెక్కించాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, మందుల సంచి ఒళ్లో పెట్టి, కిందికి దిగి నిలబడ్డాను. ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడాను.

"ఏమ్మాయ్, ఎప్పుడొస్తావత్తా అని అడగవేంటి?" అంది.

"అడగొద్దు గద."

"నేనేమన్నా వేటకెళ్తున్నానా పిచ్చిదానా? జబ్బుతో పోతున్నా. నన్ను అడగాలి."

అప్పటికే రైలు కదిలింది. పక్కనే నడుస్తూ, ఆ తర్వాత పరుగెత్తుతూ అడిగాను. విన్నదో లేదో తెలియదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి, ఇక వెనక్కి వెళ్లు అన్నట్టు ఊపింది.

ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మిమ్మల్నే అడిగేది. ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరు ఉద్యోగం మారారు, నైట్ షిఫ్టు పిల్ల వేళకు తింటోందా. తన గురించి అడిగితే, "నాకేం, ఇక్కడ గాలుంది" అనేది. ఆ మాట పూర్తి చేయడానికి రెండుసార్లు ఆగేది.

నిన్న తమ్ముడుగారు మళ్లీ ఫోన్ చేశారు. పెద్దకర్మ ముందు రోజూ, ఆ రోజూ హైదరాబాద్ వాళ్లకు ఇచ్చిన గదులు రద్దు చేశానని, మూడూ మనకోసం ఉంచానని చెప్పారు. "ఒడ్డున ఆడాళ్లు అడుగుతున్నారమ్మా, పిల్లలొస్తారా అని. వస్తారనే చెప్పాను. తప్పు చెప్పలేదు కదా?" అన్నారు.

శనివారం సాయంత్రం లింగంపల్లి నుంచి రైలు. నేను వెళ్తున్నాను. నాతో ఎవరు వస్తారో నవంబరు పన్నెండు, బుధవారం లోపల చెప్పండి. పెళ్లయి పిల్లలున్న వాళ్లు పిల్లల్ని తీసుకురావచ్చు. రాలేని వాళ్లు రాలేమనైనా చెప్పండి, నేనేమీ అనుకోను. ఎన్ని విస్తళ్లు వేయాలో గురువారం పొద్దున ఆయనకు చెప్పాలి.