ఉమామహేశ్వరి గారి శాకాహార కోళ్ళు

ఉమామహేశ్వరి గారికి రోత పుట్టించనిది ఈ లోకంలో ఏముందో చెప్పాలంటే కాస్త ఆలోచించాలి. గంగాళంలో పట్టి ఉంచిన నీళ్ళు, దేవుడి దగ్గర పసుపు, తన చేత్తో తాను ఉతికి ఆరేసుకున్న చీర. అంతే. మిగతాదంతా రోతే. బస్సులో కడ్డీ పట్టుకోవాలంటే రోత, చిల్లర నాణేలు ముట్టుకోవాలంటే రోత. గుడివాడలో పుట్టింటికి వెళ్ళేటప్పుడు పామర్రు సెంటర్లో బస్సు ఎంతసేపు ఆగినా, ఎంత ఉక్కపోసినా, కిటికీ అద్దం తీసేవారు కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారే, అది ఆవిడ నోట్లో ఎప్పుడూ నానుతుండే సామెత. యాభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అడుసు తొక్కని మనిషి కాళ్ళు మాత్రం రోజుకు పదిసార్లు కడుక్కునేవారు.

భర్త కామేశ్వరరావు గారు బందరులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. చిలకలపూడిలో సొంత ఇల్లు. ఆఫీసు నుంచి వస్తే చెప్పులతో పాటు చొక్కా కూడా బయటే విడిచి, దొడ్డిదారిన వెళ్ళి స్నానం చేసి, అప్పుడు ఇంట్లో అడుగు పెట్టాలి. ముప్పై ఏళ్ళు అలాగే పెట్టారు పాపం. వెనక వరండా చివర, దేవుడి గదిని ఆనుకుని, ఒక చీకటి మూల ఉంది. అక్కడ చిన్న పీట మీద వెదురు బుట్ట, బుట్టలో ఆవిడ మడి చీరలు. ఆ మూలకు భర్తకు గానీ, కూతురు కృష్ణప్రియకు గానీ ప్రవేశం లేదు. గాలి కూడా అడిగి వెళ్ళాల్సిందే.

అటువంటి ఇంట్లోకి కోళ్ళు వచ్చాయంటే ఊరికే రాలేదు.

కృష్ణప్రియ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పసిది మటుకు బాగానే ఉంది గానీ తల్లికి చాలా రక్తం పోయింది. ఇరవై రోజులైనా మంచం దిగితే కళ్ళు తిరిగేవి. పెదవులు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. పిల్లకు పాలు చాలడం లేదు. మాత్రలు వేసుకుంటే కక్కేస్తోంది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "మందు మారుస్తాను. దాంతో పాటు రోజూ రెండు గుడ్లు తినిపించండి," అన్నారు.

"గుడ్డు మా ఇంటావంటా లేదండీ," అన్నారు ఉమామహేశ్వరి గారు.

"ఇంత తక్కువ రక్తం ఉన్న మనిషి మాత్రం మీ ఇంటావంటా ఉన్నారా అమ్మా?" అన్నారు డాక్టరమ్మ.

కామేశ్వరరావు గారు కొట్టుకెళ్ళి నాలుగు గుడ్లు తెచ్చారు. ఒకదాని పెంకు మీద ఎండిపోయిన రెట్ట, దానికి అంటుకుని ఒక చిన్న ఈక. ఉమామహేశ్వరి గారు వాటిని వంటింటి గుమ్మం దాటనివ్వలేదు. దొడ్లో మూడు ఇటుకలు పెట్టి, పారేయడానికి తీసిన గిన్నెలో, ముక్కుకు కొంగు కట్టుకుని ఉడికించారు. కృష్ణప్రియ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నంతసేపు పట్టలేదు బయటికి రావడానికి. చిన్నప్పటి నుంచి తల్లి నేర్పిన పాఠం ఆ పిల్ల కడుపు మరిచిపోలేదు.

"ఎక్కడెక్కడి కంపులోంచి వచ్చాయో అనిపిస్తుందమ్మా," అంది ఏడుపు గొంతుతో. "నువ్వు పెంచిన కోడయితే తింటానేమో. నీ చేత్తో పెట్టిందేదీ నాకు రోత పుట్టదు."

ఆ మాటతో ఉమామహేశ్వరి గారు పక్కింటి గోడ దగ్గరికి వెళ్ళారు. అవసరానికి వసుదేవుడు గాడిద కాళ్ళే పట్టుకున్నాడు, ఇదెంత. ఆ పక్కిల్లు లతీఫాది. ఆమె భర్త ఇబ్రహీం రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెడతాడు. లతీఫా కోళ్ళు డజను దాకా వీధంతా తిరుగుతాయి. ఇరవై ఏళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య మాటలన్నీ "మీ కోడి మా గోడెక్కింది" దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి.

"గుడ్లు నేనిస్తాను అక్కగారూ, అమ్మాయికి ఈ రోజే పెట్టండి," అంది లతీఫా విషయం వినగానే.

"వద్దులే. మీవి మురుక్కాలవలో తిరుగుతాయి. నాకు మూడు పెట్టలు ఇప్పించు. నేను శుభ్రంగా పెంచుకుంటాను."

లతీఫా ముఖం చిన్నబుచ్చుకుంది. అయినా ఐదు నెలల పెట్టలు మూడు, ఒక నల్లది, ఒక ఎర్రది, ఒక చుక్కలది, గంపలో పెట్టి గోడ మీదుగా అందించింది. "ఇవింకా గుడ్డు పెట్టలేదు. నెలలోపు మొదలుపెడతాయి," అంది.

ఇక ఆ రోజు నుంచి గోడ మీద ప్రశ్నలే ప్రశ్నలు. గుడ్డు పెట్టేముందు కోడి చెప్తుందా? చెప్తుందండీ, తల మీద జుట్టు ఎర్రబడుద్ది, మూలలు వెతుక్కుంటది. పగలు పెడుతుందా, రాత్రా? పొద్దుట పూటండీ. ఒక ప్రశ్న మాత్రం ఉమామహేశ్వరి గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"మరి... పుంజు లేదు కదా లతీఫా. గుడ్డు ఎలా వస్తుంది?"

"గుడ్డుకు పుంజెందుకండీ? పిల్లలు కావాలంటే గానీ!"

ఆ ఒక్క జవాబు ఆవిడకు బాగా నచ్చింది. పుంజు లేదు, పిల్ల రాదు, జీవహింస లేదు. ఇంకేం, కోళ్ళను కూడా మన పద్ధతిలో పెడితే సరిపోతుందనుకున్నారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కదా. సిమెంటు దొడ్డిని ఫినాయిలుతో కడిగి, గేటు మూసి, కోళ్ళను అందులో ఉంచారు. మూడుసార్లు కడిగిన బియ్యం, నానబెట్టిన పెసలు, పెరుగన్నం. ఒక చీమ కనబడినా చీపురుతో ఊడ్చేసేవారు, అవి తింటాయేమోనని. ఆ మీదట పొద్దున్నే పసుపు నీళ్ళతో కోళ్ళకు స్నానం కూడా మొదలుపెట్టారు. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, లతీఫా కళ్ళారా చూసింది.

"ఛీ ఛీ, ఏం పనండీ అది!" అంది గోడ మీద నుంచి. "కోడికి నీళ్ళు పోస్తారా ఎవరన్నా? దానికి దుమ్మే స్నానం. అయినా ఆ ఫినాయిలు కంపేంటండీ, రోతగా ఉంది మీ దొడ్డి!"

జన్మలో ఆవిడ దొడ్డిని రోత అన్నవాళ్ళు లేరు. ఉమామహేశ్వరి గారు గబగబా లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు.

మూడు వారాలు గడిచాయి. కోళ్ళు ముడుచుకుని ఒక మూల కూర్చునేవి. జుట్టు ఎర్రబడటం మాట అటుంచి, ఉన్న రంగు కూడా పాలిపోయింది. లోపల మంచం మీద ఒకతి, బయట దొడ్లో మూడు, అన్నీ ఒకే తీరుగా తెల్లబడి ఉన్నాయి. మళ్ళీ పరీక్ష చేయిస్తే రక్తం ఇంకాస్త తగ్గింది. "నేను గుడ్డు తినిపించమన్నాను, కోళ్ళఫారం పెట్టమన్లేదు," అని డాక్టరమ్మ కసిరారు. "పదిహేను రోజులు చూస్తాను. పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చి రక్తం ఎక్కించాల్సిందే."

ఇంటికొచ్చి ఆవిడ నేరుగా గోడ దగ్గరికి వెళ్ళారు. "ఏం చేయమంటావు లతీఫా?"

"గేటు తీయండి," అంది లతీఫా. "మట్టి గీకాలి, పురుగు తినాలి, నత్తగుల్లలు ఏరుకోవాలి. అవేవీ లేకుండా గుడ్డు ఎట్టా కడుతుందండీ, పెరుగన్నంతోనా?"

ఉమామహేశ్వరి గారు గేటు తీశారు. తీసి, అక్కడే నిలబడి చూశారు. చూడకుండా ఉంటే బాగుండేది. ఎర్రది బొద్దింకను ముక్కున కరుచుకుని పరుగెత్తింది, నల్లది దాని వెంటపడింది. చుక్కలది తిన్నగా కాలవ గట్టుకు వెళ్ళి, నల్లటి బురదలో కాళ్ళు దించి, తెల్లగా కదులుతున్నదేదో లాగి మింగింది. అంతలో లతీఫా కూరకు ఒలిచిన రొయ్యల తలకాయలు తెచ్చి వీధిలో విసిరింది. మూడూ రెక్కలు విప్పుకుని వాటి మీద పడ్డాయి. పెసలు పెడితే ముక్కుతో అటూ ఇటూ నెట్టిన మహాతల్లులు, రొయ్య మీసాలు నోటికి వేలాడేసుకుని పోట్లాడుకుంటున్నాయి. ఛీ, ఇదా నా కూతురు తినబోయేది! ఆవిడ గేటు మూసేద్దామని చెయ్యి వేశారు. లోపల పసిది పాలు చాలక ఏడుస్తోంది. చెయ్యి తీసేశారు.

తొమ్మిదో రోజుకు చుక్కలదాని జుట్టు గోరింటాకు పెట్టినట్టు పండింది. లతీఫా దాన్ని చంకలో ఇరికించుకుని, తోక ఎత్తి, చిటికెన వేలితో పరీక్ష చేసి, "ఉంది అక్కగారూ, రేపు పెట్టుద్ది!" అని అదే చెయ్యి ఊపుతూ చెప్పింది. ఆ చేతి వంక చూస్తూ ఉమామహేశ్వరి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

మర్నాడు పొద్దున్న చుక్కలది దొడ్లో లేదు. వీధిలో లేదు, కాలవ గట్టున లేదు, లతీఫా ఇంట్లో లేదు. గడ్డి పరిచి ఉంచిన గంప ఖాళీగా ఉంది. ఏ కుక్క ఎత్తుకుపోయిందోనని కామేశ్వరరావు గారు సందు చివరిదాకా వెళ్ళి వచ్చారు. ఉమామహేశ్వరి గారు స్నానం చేసి, మడి చీర కోసం వెనక వరండాలోకి వెళ్ళి, పెద్దగా కేక పెట్టారు.

చుక్కలది మడి బుట్టలో కూర్చుని ఉంది. కోడికి కావలసింది చీకటి, మెత్తటి పక్క, ఎవరూ ముట్టుకోని చోటు. ఆ ఇంట్లో అటువంటి చోటు ముప్పై ఏళ్ళుగా దానికోసమే సిద్ధం చేసి పెట్టినట్టుంది. కేకకు అది ఎగిరి దూకి, వరండా అంతా అరుచుకుంటూ తిరిగింది. తెల్లటి పట్టుచీర మీద బురద కాళ్ళ గుర్తులు, పచ్చగా రెట్ట. వాటి మధ్యలో చిన్న గుడ్డు. దాని పెంకు మీద సన్నగా నెత్తుటి చార.

కేక విని లతీఫా దొడ్డిగుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. అంత దూరం రావడం ఆమెకు అదే మొదటిసారి.

"రక్తం! చూడు లతీఫా, రక్తం! ఇది నేను ముట్టను. పారేయండి దీన్ని!"

"తొలిగుడ్డు కదండీ," అంది లతీఫా, గుమ్మం దాటకుండానే. "మొదటి కాన్పుకు రక్తం కనపడదా? మీ అమ్మాయికి కనపడలేదా?"

ఉమామహేశ్వరి గారు లోపలికి చూశారు. గోడ పట్టుకుని కృష్ణప్రియ గదిలోంచి వచ్చి నిలబడింది. ఆస్పత్రిలో ఆ రోజు మార్చిన దుప్పట్లు ఆవిడకు గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా రోత పుట్టలేదు. అన్నీ ఆవిడే మోశారు.

వంగి గుడ్డు తీసుకున్నారు. ఇంకా వెచ్చగా ఉంది. కట్టుకున్న చీర చెరగుతోనే నెత్తుటి చార తుడిచి, దొడ్లో ఇటుకల పొయ్యి వైపు కాదు, వంటింట్లోకి నడిచారు. కామేశ్వరరావు గారు తెలివిగలవారు కనుక, దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకున్నారు. గుడ్డు ఉడికింది. పెంకు ఒలుస్తుంటే ఆ నీచు వాసనకు ఆవిడ రెండుసార్లు గిన్నె దించి దొడ్లోకి పరుగెత్తారు. మూడోసారి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి, ఉప్పు అద్ది, తన వేళ్ళతో కూతురి నోట్లో పెట్టారు. కృష్ణప్రియ కళ్ళు మూసుకుని నమిలింది. మింగింది. "ఇంకో ముక్క పెట్టమ్మా," అంది.

మర్నాడు పొద్దున్న చుక్కలది వరండా మెట్లెక్కి, కొక్కొక్కో అంటూ చీకటి మూల వైపు బయల్దేరింది. దాని కాళ్ళకు కాలవ బురద. కామేశ్వరరావు గారు చేతికర్ర తీసుకుని అదిలించబోయారు.

"దాని జోలికి వెళ్ళకండి!" అన్నారు ఉమామహేశ్వరి గారు, ముక్కుకు కొంగు గట్టిగా అదుముకుని. "దూరంగా నిలబడండి. అది మడిలో ఉంది."