మందను కాసే కుక్క

నేను రాయి కోసం వంగగానే ఆ తెల్లటి కుక్క మొరగడం ఆపి నా చేతికేసి చూసింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. మా రాజమండ్రి వీధుల్లో ఊరికే వంగితే చాలు, కుక్కలు పారిపోతాయి. సెలవులకి పిల్లలతో వెళ్లిన ఇటలీ కొండల మీది ఓక్ చెట్ల అడవిలో, గొర్రెల మందను కాసే ఆ కుక్క మాత్రం నేరుగా మా మీదికే రాసాగింది.

"కొట్టమ్మా, చూస్తావేంటి!" అన్నాడు పెద్దాడు.

"వద్దమ్మా, కరిచేస్తుంది!" అంటూ చిన్నది నా చున్నీలో దూరింది.

మాతోపాటే బస్సు దిగిన ఒక పల్లెటూరి ముసలావిడ వెనకనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి రాయిని కింద పడేసింది. తన భాషలో మెల్లగా ఏదో చెబుతూ మమ్మల్ని కదలకుండా నిలబెట్టింది. కుక్క మా ముగ్గురినీ వాసన చూసి మందలోకి వెళ్లిపోయింది. ఆవిడ నా అరచేతి మట్టిని తన కొంగులాంటి గుడ్డతో తుడిచి, నవ్వి, తన దారిన పోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ ఇక అడవికి రామన్నారు.

"నిన్న ఆ కుక్కని ముందు భయపెట్టింది నేనేరా," అన్నాను. "నాకు మీరెంతో దానికి ఆ గొర్రెలు అంతే. పదండి, బూట్లు వేసుకోండి."