ఖాలా ఇచ్చిన వెదురు పుల్ల

నా చిన్నప్పుడు మా చెల్లెలు ఇంగ్లీషు పాఠం చదువుతుంటే నాకు కడుపు మండిపోయేది. నేను పరీక్ష తప్పి, నాకంటే చిన్నదైన దాని క్లాసులోకే వచ్చి పడ్డాను. తెలుగైతే కూడబలుక్కుని ఎలాగో పేజీ చివరికి చేరుకునేదాన్ని. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తిరునాళ్లలో జనంలా తోసుకునేవి. పైగా రాసేది ఒకటి, పలికేది ఒకటి. చెల్లెలేమో బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు గడగడా చదివేది. ఒక్కసారైనా అది తడబడాలని, మంత్రాలయం వెళ్లినప్పుడు మొక్కుకున్నాను కూడా.

ఈసారీ ఇంగ్లీషు తప్పితే బడి మాన్పించి పత్తి మిల్లుకు పంపుతానని మా నాయన తేల్చి చెప్పాడు. ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని పక్కింటి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఇంటావిడను ఆదోనిలో మా వీధి పిల్లలమంతా ఖాలా అనేవాళ్లం, అంటే పిన్ని. సాయంత్రాలు ముస్లిం పిల్లలకు అరబీ చదవడం నేర్పేది. అక్కడ ఎవరి పాఠం వాళ్లదే. ఒకడు మొదటి పేజీలో ఉంటే పక్కవాడు ఎక్కడో చివర్లో ఉండేవాడు, ఎవరూ ఒకరితో ఒకరు పోల్చుకునేవారు కాదు. ప్రతి ఒక్కరి చేతిలో మాటల కింద జరుపుకునే ఒక వెదురు పుల్ల, ఆ పుల్ల ఆగిన మాట దాకే చదువు.

పిల్లలు వెళ్లిపోయాక ఖాలా నన్ను ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. చెల్లెలంటే కుళ్లు అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

“నాకూ అట్లే ఉండె బిడ్డా. మా అక్క సూస్తానే సదివేసేది. నాకేమో అక్షరాలు ఆడివి ఆడ నిల్చేటివి కావు.”

ఆ అక్క అప్పటికి ఎమ్మిగనూరులో కాపురం ఉంటోంది. ఇప్పుడు కూడా మండుతుందా అని అడిగాను. ఖాలా నవ్వి, చిటికెన వేలి కొన చూపించి, “ఇంత” అంది.

తర్వాత నా పుస్తకం ఒళ్లో పెట్టుకుని పుల్ల ఆనించింది, అదీ కుడివైపు చివర! ఆమెకు తెలిసిన అరబీ చదువు కుడినుంచి ఎడమకే మరి. నాకు నవ్వు ఆగలేదు. “ఆ ఎడం పక్కనుంచి ఖాలా” అంటూ పుల్ల నేనే అందుకున్నాను. నేను ఒకరికి చదువులో దారి చూపించడం అదే మొదలు. పుల్ల ఆగిన చోటల్లా ఒక్కో మాటే చదివాను. ముక్క అర్థం కాకపోయినా ఆమె తల ఊపుతూ కూర్చుంది.

ఆ పుల్ల ఖాలా నాకే ఇచ్చేసింది. ఆ తర్వాత రోజూ అంతే. పరీక్ష బొటాబొటిగా గట్టెక్కాను. చెల్లెలు క్లాసులో మొదటిదిగా వచ్చింది. మండింది, కాదనను. కానీ నా బడి నిలిచింది.

మొన్న నా మనవరాలికి డిస్లెక్సియా అని, అంటే చదివేటప్పుడు అక్షరాలు తికమకపడే ఇబ్బంది అని డాక్టరమ్మ చెప్పింది. తమ్ముడు టకటకా చదువుతున్నాడని అది మూల కూర్చుని ఏడుస్తుంటే, పెట్టెలోంచి ఆ పుల్ల తీసి చేతిలో పెట్టి ఈ కథంతా చెప్పాను.

“చిన్నవ్వ మీద నీకు ఇంకా కుళ్లేనా అవ్వా?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చిటికెన వేలి కొన చూపించాను. అది రెండు చేతులూ బారచాపి తన కుళ్లు ఎంతో చూపించింది.

“తగ్గుతాదిలే, పుల్ల పట్టుకో” అన్నాను.