సకినాల బట్ట మీద నూడుల్స్

మా ఎదురింటి అవ్వ పోయిన నెలలో కన్నుమూసింది. ఆ సమయంలో నేను వార్త పని మీద మహదేవపూర్‌లో ఉన్నాను. "అన్నా, అత్తమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అని ఆమె కోడలు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి జనగామ చేరాను.

వాళ్లది ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లోకి కోడిగుడ్డు రాదు. అవ్వ బయట చాయ్ కూడా తాగేది కాదు. అలాంటి మనిషి నాలుగేళ్ల కింద ఒక రోజు నన్ను పిలిచి, "కొడుకా, బస్టాండు కాడ బండి మీద నూడుల్స్ జేస్తరు గదా, గవి ఎట్ల జేస్తరు?" అని అడిగింది. మనవరాలు అడుగుతోందని, గుడ్డు పడ్డ కడాయిలోవి బిడ్డకు ఎట్ల పెట్టాలని కారణం చెప్పింది.

అప్పటికే ఒకసారి తనకు తెలిసిన పద్ధతిలో చేసి చూసింది. పోపు పెట్టి, నీళ్లు పోసి, నూడుల్స్ వేసి, మూత పెట్టింది. మూత తీసేసరికి అంతా ముద్ద.

"నాయనమ్మా, గివి నూడుల్స్ గావు. సేమియా ఉప్మాకు చుట్టాలు" అంది మనవరాలు.

నేను ఒక మిత్రుణ్ని అడిగి, అతను చెప్పింది అవ్వకు చెప్పాను. అవ్వ పూర్తిగా విని, "నువ్వు చూసినవా, ఎవలన్న చెప్తె విన్నవా?" అంది.

"విన్న అవ్వా."

"గయితె మల్ల పో. పేపరోనివి, గింత గూడ ఎరుకలేదా?"

మా డెస్కులో కూడా నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం బండి పక్కన గంటసేపు నిలబడ్డాను. నూడుల్స్‌ను కొంచెం పలుకు ఉండగానే దించి, చన్నీళ్లతో కడిగి, నూనె రాసి, మధ్యాహ్నమే ఆరబెడతారని బండాయన చెప్పాడు. మిగతాది కళ్లారా చూశాను. ఇనుప కడాయి పొగలు వచ్చేదాకా కాలాలి. వెల్లుల్లి, తర్వాత క్యారెట్, క్యాప్సికం, క్యాబేజీ. అవి మెత్తబడక ముందే నూడుల్స్. సోయా సాస్, వెనిగర్ కడాయి అంచు మీదుగా పోయాలి. రెండు ప్లేట్లకు మించి ఒకేసారి వేయలేదు. మంట ఒక్కసారి కూడా తగ్గించలేదు.

అవ్వ రెండు ప్రశ్నలడిగి పని మొదలుపెట్టింది. ఉడికిన నూడుల్స్‌ను సకినాలు పోసే తెల్ల బట్ట మీద పరిచి ఫ్యాన్ వేసింది. గారెలు కాల్చే ఇనుప కడాయి తీసింది. ఒక్కొక్కరికి విడిగా వేయించింది. కోడలు, "అత్తమ్మా, అందరికి ఒక్కపారే వేస్తె ఒడుస్తది గదా" అంటే, "ఎక్కువేస్తె ఉడుకుతయి, తక్కువేస్తె వేగుతయి" అంది. మనవరాలు ప్లేటు ఖాళీ చేసి మళ్లీ చాపింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అవ్వ ఇంట్లో నూడుల్స్. నాకూ ఒక గిన్నె వచ్చేది. ఒకసారి ఆ గిన్నె తిరిగివ్వడానికి వెళ్తే, అవ్వ వంటింట్లో పీట మీద కూర్చుని, కడాయి అడుగున మాడినవి గీకి పెట్టుకుని తింటోంది. నన్ను చూసి ఆగింది.

"ఎవలికి చెప్పకు కొడుకా. గుడికి పోయినప్పుడల్లా గా బండి వాసన తలుగుతుండె. ఎన్నేండ్ల సందో అసలేందో చూడాలనుండె. పిల్లకంటె ముందుగాల నాకే తినబుద్ధయింది."

"పిల్ల పేరు ఎందుకు చెప్పినవు మరి?"

"ముసల్దానికి గీ వయసుల నాలుక లేచిందంటరు" అని నవ్వి, ఇంకో ముద్ద పెట్టుకుంది.

సమాచారం ఇచ్చినవారి మాట దాచడం నా వృత్తిలో అలవాటే. దాచాను.

పదో రోజు ఊరి బయట బావి దగ్గర అవ్వ పేరున పిట్టకు పెట్టారు. విస్తరిలో గారెలు, బూరెలు, పులిహోర, అవ్వకు ఇష్టమని అందరికీ తెలిసినవన్నీ ఉన్నాయి. కాకులు వచ్చి తీగ మీద కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మా దగ్గర నమ్మకం. గంట దాటింది. కొడుకు చేతులు జోడించి, "అమ్మా, ఏం తక్కువ జేసిన్నే?" అన్నాడు.

నేను కోడలిని పక్కకు పిలిచి, పీట మీద చూసింది చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. "మమ్మల్ని ఎంత మోసం జేసిందన్నా!" అని, కూతురి స్కూటీ ఎక్కి ఇంటికి వెళ్లింది. ముప్పావు గంటలో ఇద్దరూ స్టీలు డబ్బాతో తిరిగొచ్చారు. మనవరాలు గారెల పక్కన నూడుల్స్ పెట్టింది. అడుగున మాడినవి కూడా గీకి తెచ్చింది.

ఆ వచ్చిన కాకి అవ్వే అని నేను రాయను. చూసింది మాత్రం రాస్తాను. అది దిగింది. గారెను దాటి నడిచింది. ఒక పొడుగాటి నూడుల్ లాగి, మళ్లీ తీగ మీదికి ఎగిరింది. కింద కొడుకు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. పైన దాని ముక్కు నుంచి ఆ నూడుల్ ఎండలో నూనె మెరుస్తూ, అటూ ఇటూ ఊగుతోంది.