నీళ్లు ముట్టి ఇచ్చిన మాట

పగలు నల్లకోటు వేసుకుని శ్రీకాకుళం కోర్టు మెట్లెక్కితే కృపానిధి వకీలు. సాయంత్రం అదే కోటును స్కూటర్ డిక్కీలో కుక్కి, మెళ్లో కండువా వేసుకుంటే ప్రతిపక్ష నాయకుడు. ఆ పార్టీ జెండా మోసేవాళ్లే కరువైన రోజుల్లో మోశాడు. ధర్నా చేస్తే లాఠీ దెబ్బలు, మైకు పడితే కేసు. అయినా ఆయనకి పార్టీ అంటే పిచ్చి. చదువుకున్నవాళ్లకి ఒక్కోసారి ఈ జబ్బు పట్టుకుంటుంది, దానికి మందు లేదు.

కళింగపట్నం దగ్గరి ఓ మత్స్యకారుల పల్లెకి ఆయనంటే ప్రాణం. అధికార పార్టీ పెద్దమనిషి గంగరాజు అక్కడ రొయ్యల ఫ్యాక్టరీ పెట్టి, మురికినీళ్ల గొట్టాన్ని తిన్నగా సముద్రంలోకి దించాడు. ఒడ్డున వలలకి చేప పడడం మానేసింది. గొట్టం తీయించాలని కృపానిధి కేసు వేసి, ఏళ్ల తరబడి వాదిస్తున్నాడు. పల్లె ఆశంతా ఆ కేసు మీదే.

ఓట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ పల్లె మొహమాటాలకి పోయి చీలిపోయేది. కృపానిధికి ఒళ్లు మండేది. చివరికి వాళ్ల ఆచారాన్నే పట్టుకున్నాడు. కులపెద్దలు మోకాటిలోతు సముద్రంలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టి మాటిస్తే అది ఊరందరి మాట. తప్పినవాడితో ఎవరూ వేటకు వెళ్లరు. ఎన్నికలకు చాలా ముందే ప్యాంటు మడిచి తనూ నీళ్లలో నిలబడి, ఊరి ఓట్లన్నీ తన పార్టీ గుర్తుకేనని కులపెద్ద సూరయ్య చేత మాట ఇప్పించాడు.

"మనిషెవులైతే మనకేటి? గుర్తుని సూడండి," అన్నాడు వాళ్ల యాసలోనే.

ఇంట్లో భార్య జ్ఞానసుందరి చీవాట్లు పెట్టింది. "ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి, గంగమ్మ మీద ఒట్టేయించడమేటండీ?"

"గెలిచాక ప్రార్థన చేసుకుందాంలే," అని నవ్వేశాడు.

సరిగ్గా నామినేషన్ల ముందు గంగరాజు కండువా మార్చి కృపానిధి పార్టీలోకి దూకాడు. మార్చిన మర్నాడే టిక్కెట్టు. అది తనదేననుకున్న కృపానిధికి కబురైనా చేయలేదు, టీవీలో చూసి తెలుసుకున్నాడు. టిక్కెట్టు పోయినందుకు ఏడుపొచ్చింది. గొట్టం ఇక కదలదన్న సంగతి తట్టాక ఆ ఏడుపు కూడా ఆగిపోయింది. పల్లెకి పరిగెత్తాడు.

సూరయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"ఆడికి ఓటెయ్యకండి సూరయ్యా. గొట్టం ఏసింది ఆడే గదా."

"నాకు తెల్దేటి బాబూ. మనిషిని సూడొద్దని నువ్వే సెప్పినావు. నీల్లలో మా పక్కన నిలబడ్డావు. ఇప్పుడు తప్పితే రేపు నా కొడుకుల్తోటి ఏటకెవులొస్తారు?"

"అడిగిన నేనే వద్దంటున్నాను. ఆ మాట వదిలేయండి."

"మాట నీకిచ్చినామేటి? గంగమ్మకిచ్చినాం."

జడ్జీల ముందు గంటలకొద్దీ వాదించిన మనిషి స్కూటర్ వెనక్కి తిప్పుకున్నాడు.

ఊరు ఊరంతా కట్టగట్టుకుని గుర్తుకే వేసింది. గంగరాజు గెలిచాడు, పార్టీ గద్దెనెక్కింది. ఫ్లెక్సీలో కృపానిధి పేరు ఓ మూల పడింది, ఫొటో లేదు.

తర్వాతి వాయిదాకి సాక్షి గున్నమ్మ రాలేదు. ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. మొదట్లో కేసు వేయమని ఆయన కాళ్లావేళ్లా పడింది ఆమే. కృపానిధి వెతుక్కుంటూ ఒడ్డుకి వెళ్తే, గంగరాజు పంచిన కండువాని తలకి చుట్టుకుని ఇసుక మీద చేపలు తిరగేస్తోంది.

"కోర్టుకి రాలేదేమమ్మా?"

"ఇంకా కేసెందుకు బాబూ? నువ్వింతకాలం కొట్టుకున్నది దీనికోసమే గదా. మన పార్టీ గెలిసినాది." ఆమె మొహంలో నిజమైన సంబరం. గుప్పెడు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "అమ్మగారికియ్యి. మన ఒడ్డున పడ్డవి కావులే, భావనపాడు నుంచి తెప్పించినాను."